పదవ తరగతి తరువాతి దారులు

ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటినుండి పక్షము దినములపాటు మన పల్లెలలో ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: "పిల్లవానిని ఎందులో చేర్పింపవలెను?" రచ్చబండ వద్ద, పాలకేంద్రము వద్ద, బస్సుకొరకు వేచియుండు చోట తల్లిదండ్రులు ఒకరినొకరు ఈ ప్రశ్న అడుగుకొనుచుందురు. పట్నమున ఉద్యోగము చేయు బంధువు ఒక మాట చెప్పును. ప్రక్కింటి కుర్రవాడు చేరిన కళాశాల పేరు మరియొకరు చెప్పుదురు. ఇంతలో ఏదో ఒక కళాశాల ప్రతినిధి మోటారు సైకిలుపై వచ్చి, రంగుల కరపత్రము చేతికిచ్చి, సీట్లు అయిపోవుచున్నవని తొందరపెట్టును. ఈ తొందరలో పదునైదేండ్ల బిడ్డ జీవితమునకు సంబంధించిన నిర్ణయము జరిగిపోవుచున్నది.

ప్రశ్న సహేతుకమైనదే. అది పుట్టిన సమయమే సరియైనది కాదు. ఫలితములు చేతికి వచ్చునప్పటికి కొన్ని దారులు అప్పటికే మూసికొనిపోయి యుండును. పాలిటెక్నిక్ కళాశాలలలో ప్రవేశమునకు జరుగు పాలిసెట్ పరీక్షను ఉదాహరణముగా తీసికొందము. దానికి దరఖాస్తులు స్వీకరించుట సాధారణముగా పదవ తరగతి పరీక్షలు జరుగు దినములకు అటునిటుగా మొదలై, ఫలితములు ప్రకటింపబడుటకు ముందే ముగియుచుండును. ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాలల ప్రవేశపరీక్ష విషయమును ఇట్టిదే. భోజన వసతులతో ఉచితముగా ఇంటర్మీడియట్ చదువుకొనగల అవకాశమును, మూడేండ్లలో డిప్లొమా చేతికి వచ్చు అవకాశమును, కేవలము సమయమునకు దరఖాస్తు పంపనందువలన ఎందరో గ్రామీణ విద్యార్థులు కోల్పోవుచున్నారు. వారికి మార్కులు తక్కువ కాలేదు. తెలియజెప్పువారు తక్కువైరి.

అందుచేత ఆలోచన ఎనిమిదవ తరగతియందే ఆరంభము కావలెనని మేము చెప్పుచున్నాము. ఇది అతిశయోక్తి కాదు. కేంద్రప్రభుత్వపు జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష, మన ఉపాధ్యాయులు ఎన్.ఎం.ఎం.ఎస్. అని పిలుచునది, ఎనిమిదవ తరగతి విద్యార్థులకే ఉద్దేశింపబడినది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో చదువుచు, కుటుంబ వార్షికాదాయము 3 లక్షల 50 వేల రూపాయలకు మించనివారు దీనికి అర్హులు. ఎంపికైన విద్యార్థికి తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున, నాలుగేండ్లకు 48,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో జమ యగును. కూలికి పోవు కుటుంబమున బిడ్డను బడి మాన్పించవలసిన అవసరమును ఈ మొత్తము తప్పింపగలదు. ఎనిమిదవ తరగతి దాటిన పిమ్మట ఈ పరీక్ష వ్రాయుటకు వీలులేదు.

ఆ తరగతియందే చక్కబెట్టుకొనవలసినది మరియొకటి కలదు. అది చూచుటకు స్వల్పముగా తోచును గాని చేయు చిక్కు స్వల్పము కాదు. బడి రిజిస్టరులో బిడ్డ పేరు ఒక విధముగను, ఆధార్ కార్డులో మరియొక విధముగను, బ్యాంకు పుస్తకములో ఇంకొక విధముగను ఉండుట మన పల్లెలలో సర్వసాధారణము. ఇంటిపేరు ఒకచోట పూర్తిగాను, మరియొకచోట పొడి అక్షరముగాను ఉండును. పుట్టినతేదీ బడిలో వేసిన నాడు ఎవరో అంచనాగా చెప్పినది కావచ్చును. పదవ తరగతి మార్కుల పత్రముపై అచ్చుపడిన పేరు, పుట్టినతేదీ జీవితాంతము వెంటవచ్చును. అచ్చుపడక పూర్వము సరిచేయించుటకు ప్రధానోపాధ్యాయునికి ఒక అర్జీ, ఒక ఆధారపత్రము చాలును. అచ్చుపడిన తరువాత నెలల తరబడి కార్యాలయముల చుట్టు తిరుగవలసి యుండును. ఉపకారవేతనము మంజూరైనను పేరు కలియక సొమ్ము నిలిచిపోయిన సందర్భములు మండల కార్యాలయములలో పనిచేయువారందరును ఎరిగినవే.

ఇక అసలు విషయమునకు వత్తము. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసికొనవలెను అను ప్రశ్నకు మన గ్రామములలో ఇప్పుడొక సిద్ధమైన సమాధానము కలదు. మగపిల్లలకు ఎం.పి.సి., మార్కులు బాగుగా వచ్చిన ఆడపిల్లలకు బై.పి.సి., మార్కులు రానివారికి సి.ఇ.సి. ఈ సమాధానమునకు ఆధారమేమియు లేదు. గోదావరి జిల్లాలలో ఒక గ్రామమున మేము పర్యటించుచుండగా ఒక రైతు మాతో ఇట్లనెను: "మా వాడికి లెక్కలంటే భయమండీ. అయినా ఎం.పి.సి.లోనే వేశామండి. ఊళ్లో అందరూ అదే మంచిదన్నారండి." ఆ మాటలు జరుగుచుండగా ఆ కుర్రవాడు పొలము గట్టున కూర్చుండి, చెడిపోయిన పంపుసెట్టు స్టార్టరును విప్పి, తీగెలు ఒక్కొక్కటిగా పరీక్షించి బాగుచేయుచుండెను. వానికి ఏ పనియందు చేయి తిరుగునో తండ్రి కన్నులయెదుటనే యున్నది. కాని అడిగినది మాత్రము ఊరివారిని.

గ్రూపు అనునది మంచిచెడ్డలకు సంబంధించినది కాదు. అది ఏ తలుపులు తెరచి యుంచును, ఏవి మూయును అన్నదే చూడవలసినది. వైద్యవిద్యకు జరుగు నీట్ పరీక్షకు జీవశాస్త్రము చదివియుండవలెను. ఇంజనీరింగు శాఖలకు గణితము ప్రధానము. బి.ఫార్మసీకి ఎం.పి.సి. వారును, బై.పి.సి. వారును అర్హులే. బై.పి.సి. తీసికొన్నవారు డాక్టరు సీటు రాకపోయిన దారి తప్పినట్లు భావింతురు. అది సరికాదు. వ్యవసాయము, పశువైద్యము, మత్స్యశాస్త్రము, ఉద్యానవనశాస్త్రము, నర్సింగు ఈ గ్రూపునకే చెందిన చదువులు. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయముగా స్థాపింపబడి, నేడు ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరుతో నడచుచున్న సంస్థలోని బి.ఎస్‌సి. వ్యవసాయ కోర్సునకు ఈఏపీసెట్ పరీక్ష ద్వారా ప్రవేశము లభించును. రైతుకుటుంబముల బిడ్డలకు అందులో ప్రత్యేకముగా కొన్ని సీట్లు కలవు. వానిని కోరువారు గ్రామములో చదివినట్లును, కుటుంబమునకు పొలమున్నట్లును పత్రములు చూపవలసి యుండును గనుక పట్టాదారు పాసుపుస్తకము సరిగా నున్నదో లేదో ముందే చూచుకొనుట మేలు.

సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులను చిన్నచూపు చూచుట మరియొక పొరపాటు. నేడు చిన్న పట్టణములలోని వర్తకులకు సైతము లెక్కలు వ్రాయువాడు, పన్నుల పత్రములు దాఖలుచేయువాడు అవసరమగుచున్నాడు. చార్టర్డ్ అకౌంటెన్సీ మొదటిమెట్టు పరీక్షకు, ఐదేండ్ల న్యాయశాస్త్ర కోర్సునకు ఏ గ్రూపువారైనను పోవచ్చును. గ్రూప్ పరీక్షలకును, సివిల్ సర్వీసు పరీక్షకును ఏదో ఒక పట్టముండిన చాలును. సివిల్ సర్వీసు ప్రధాన పరీక్షను తెలుగులో వ్రాయుటకు సైతము అనుమతి కలదు. తెలుగు మాధ్యమమున చదివినవారు గుర్తుంచుకొనదగిన విషయము మరియొకటి: నీట్, జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రములు తెలుగులోను లభించును. దరఖాస్తు చేయునప్పుడే ఆ భాషను కోరవలెను. తరువాత మార్చుకొనుటకు వీలు చిక్కదు.

పై రైతు కుమారునివంటి వారికి ఇంటర్మీడియట్ తప్ప దారి లేదని ఎవరు చెప్పిరి? ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ఫిట్టరు కోర్సులు రెండేండ్లవి. వెల్డరు కోర్సు ఒక ఏడాదిది. అది ముగిసిన పిమ్మట 1961 నాటి అప్రెంటిసు చట్టము ననుసరించి రైల్వే, విద్యుత్తు, నౌకానిర్మాణ సంస్థలలోను, ప్రైవేటు కర్మాగారములలోను స్టైపెండు పొందుచు పని నేర్చుకొనవచ్చును. విశాఖపట్టణములోని నౌకాదళ డాక్‌యార్డునందు అప్రెంటిసులకొరకు ప్రత్యేకముగా ఒక పాఠశాలయే నడచుచున్నది. ఐ.టి.ఐ.తో చదువు ఆగిపోవునను భయమును అవసరము లేదు. ఐ.టి.ఐ. పూర్తిచేసినవారికి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరమున చేరు వీలు కలదు. పాలిటెక్నిక్ డిప్లొమా పొందినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. మెట్టు మెట్టునకు చేతిలో ఒక పని యుండును. నాలుగేండ్లు చదివి పట్టము పుచ్చుకొని, ఏ పనియు రాక ఇంటికి తిరిగివచ్చిన వానికంటె ఇట్లు క్రిందినుండి ఎక్కినవాడు గట్టిగా నిలుచుటను మేము పలుచోట్ల చూచియున్నాము.

పదవ తరగతి తరువాత నేరుగా చేరదగిన ప్రత్యేక సంస్థలు ఇంకను కలవు. వాని పేర్లు గ్రామములలో అంతగా వినబడవు. వ్యవసాయ పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా కలదు. అది ముగించినవారికి అగ్రిసెట్ అను పరీక్ష ద్వారా బి.ఎస్‌సి. వ్యవసాయమున ప్రవేశమునకు అవకాశము కలదు. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయము క్రింద పశుసంవర్ధక పాలిటెక్నిక్కులు నడచుచున్నవి. నేతపనివారి బిడ్డలకు వెంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి స్మారకముగా నెలకొల్పబడిన చేనేత సాంకేతిక సంస్థయందు మూడేండ్ల డిప్లొమా లభించును. మగ్గము గుంటలో కూర్చున్న తండ్రి చేతిపనికి రంగుల రసాయనశాస్త్రము, నమూనాల గణితము తోడైనచో ఆ వృత్తి విలువ ఎంత పెరుగునో చెప్పనవసరము లేదు.

ఇక రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము. దీనిని జనులు ట్రిపుల్ ఐ.టి. అందురు. ఇది గ్రామీణ విద్యార్థులను ఉద్దేశించియే 2008లో చట్టము ద్వారా ఏర్పడినది. నూజివీడు, ఇడుపులపాయలతో మొదలై, తరువాత ఒంగోలు, శ్రీకాకుళములకును విస్తరించినది. బాసరలోనిది నేడు తెలంగాణమున కలదు. ఇందు ఇంటర్మీడియట్‌కు సమానమైన రెండేండ్లు, ఇంజనీరింగు నాలుగేండ్లు కలసి ఆరేండ్ల చదువు ఒకేచోట జరుగును. ప్రవేశమునకు పదవ తరగతి మార్కులే ఆధారము. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి కొంత అదనపు విలువ చేర్చుదురు. కావున ఈ సంస్థ విషయమున ఫలితముల తరువాత దరఖాస్తు చేయవచ్చును గాని, ఆ మార్కులు తెచ్చుకొనుట తొమ్మిదవ తరగతి నుండి చేయవలసిన పని.

సరిహద్దు గ్రామములవారికి ఒక హెచ్చరిక. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి మన కళాశాలలలో నూటికి 85 సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయింపబడుచున్నవి. విద్యార్థి స్థానికుడా కాదా అని నిర్ణయించుటకు ముఖ్యముగా చూచునది అర్హతపరీక్ష వ్రాసిన ఏటితో ముగియు నాలుగు వరుస సంవత్సరములు అతడెక్కడ చదివెనన్నది. అనగా తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ చివరి వరకు. బళ్లారి, వెల్లూరు, బరంపురము, హైదరాబాదు దగ్గరయని, అచ్చట చదువు బాగుండునని రెండేండ్లకు పిల్లలను పంపు తల్లిదండ్రులు ఈ లెక్క ఎరుగరు. కౌన్సెలింగు దినమున స్టడీ సర్టిఫికెట్లు పరిశీలించునప్పుడు తమ బిడ్డ స్వరాష్ట్రమునందే స్థానికుడు కాకపోయెనని తెలిసి వారు నిర్ఘాంతపోవుదురు. పంపవలదని మేమనుట లేదు. పంపుటకు ముందు ప్రధానోపాధ్యాయుని అడిగి నిబంధన తెలుసుకొని, నష్టము తెలిసి పంపవలెను.

డబ్బు సంగతి చెప్పక ఈ వ్యాసము పూర్తికాదు. ఎకరము అమ్మి సీటు సంపాదించుట కొన్ని ప్రాంతములలో గౌరవముగా సైతము ఎంచబడుచున్నది. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో నూటికి 70 సీట్లు కన్వీనరు ద్వారా ర్యాంకు ననుసరించి భర్తీ యగును. తక్కినవి యాజమాన్య కోటా సీట్లు. ప్రభుత్వము చెల్లించు ఫీజు కన్వీనరు కోటాలో చేరిన అర్హులకే వర్తించును. ఈ భేదము తెలియక, "ఫీజు గవర్నమెంటు కట్టును" అన్న ప్రతినిధి మాట నమ్మి యాజమాన్య కోటాలో చేరి, రెండవ ఏట పొలము కాగితములు పట్టుకొని తిరిగిన తండ్రులు కలరు. కన్వీనరు కోటాలో చేరినను హాజరు నూటికి 75 తగ్గరాదు. ప్రభుత్వ సొమ్ము కళాశాలకు చేరుటలో ఒక్కొకప్పుడు ఆలస్యము జరుగుచుండుట దాచవలసిన విషయము కాదు. అట్టి సమయమున పరీక్ష రుసుము వంటి చిన్న ఖర్చులకు కొంత సొమ్ము చేతిలో నుంచుకొనుట వివేకము.

భూమి అమ్ముటకు ముందు బ్యాంకు మెట్లు ఎక్కవలెను. బ్యాంకుల నమూనా విద్యాఋణ పథకము ప్రకారము 7 లక్షల 50 వేల వరకు స్థిరాస్తి తాకట్టు కోరరాదు. ఋణము తీర్చుట చదువు ముగిసిన పిమ్మట మొదలగును. ఐ.ఐ.టి. వంటి సంస్థల ఫీజు పేరు విని బెదరనవసరము లేదు. అచ్చట షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు ట్యూషను ఫీజు లేదు. ఇతరులలో వార్షికాదాయము లక్ష రూపాయల లోపున్నవారికి అది పూర్తిగాను, ఐదు లక్షల లోపున్నవారికి మూడింట రెండు వంతులును మాఫీ యగును. 2008లో హైదరాబాదు సమీపమున, 2015లో తిరుపతియందు ఇట్టి సంస్థలు వెలసినవి.

ఏ రాయితీ కోరినను ఆదాయ, కుల ధ్రువపత్రములు కావలెను. అగ్రవర్ణములలోని పేదలు ఇ.డబ్ల్యు.ఎస్. పత్రము పొందవలెను, ఇది ఆర్థిక సంవత్సరము మారినచో మరల తీసికొనవలసినది. జూన్ మాసమున తహశీలుదారు కార్యాలయము వద్ద బారులు తీరి నిలుచుటకంటె సంక్రాంతి సెలవులలోనే తెలుసుకొని, ముందు పొందదగిన వానిని పొందియుండుట సులభము.

ఆడపిల్లల విషయము వేరుగా చెప్పవలసి వచ్చుట విచారకరమే. పదవ తరగతిలో మగపిల్లలను మించి మార్కులు తెచ్చుకొన్న బాలిక సైతము కాలేజీ దూరమను ఒక్క కారణముచేత ఇంట నిలిచిపోవుట, ఆ వెంటనే పెండ్లి మాటలు మొదలగుట నేటికిని కలదు. పదునెనిమిదేండ్లు నిండనిదే వివాహము చట్టవిరుద్ధమని వేరుగా చెప్పనక్కరలేదు. దూరమునకు మాత్రము కొంత పరిష్కారము లభించినది. ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు నుండి, తెలంగాణములో 2023 డిసెంబరు నుండి స్త్రీలకు ఆర్.టి.సి. సాధారణ బస్సులలో ప్రయాణము ఉచితము. పలు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలో ఇంటర్మీడియట్ సైతము వసతితో లభించుచున్నది. ప్రత్యేకముగా మహిళా పాలిటెక్నిక్కులు కలవు. మూడేండ్ల జి.ఎన్.ఎం., నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగు చదివిన యువతులకు ఆసుపత్రులలో గిరాకీ తరుగలేదు. నర్సింగు పాఠశాలలో చేరునప్పుడు దానికి నర్సింగు మండలి గుర్తింపు కలదా అని తప్పక అడుగవలెను. గుర్తింపులేని సంస్థ ఇచ్చిన పత్రము ఉద్యోగమునకు అక్కరకు రాదు.

కౌన్సెలింగు సమయమున జరుగు ఒక అన్యాయమును గూర్చి రెండు మాటలు. వెబ్ ఆప్షన్లు, అనగా ఏ కళాశాలలో ఏ శాఖ కావలెనో వరుసక్రమమున కోరుకొనుట, విద్యార్థి తానే చేయవలసిన పని. ఇంటర్నెట్ కేంద్రము నడపువాడో, కళాశాల ప్రతినిధియో, "నేను పెట్టెదను, ఫోనుకు వచ్చిన నంబరు చెప్పుము" అనినచో చెప్పరాదు. ఆ అంకెలు చెప్పినచో బిడ్డ భవిష్యత్తును వాని చేతిలో పెట్టినట్లే. అట్లే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికిని అప్పగింపవలదు. పరిశీలించి తిరిగి ఇయ్యవలెనే గాని ఉన్నత విద్యాసంస్థలు వానిని తమవద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018లో స్పష్టముగా తెలిపినది. ఆప్షన్లు పెట్టుటకు పూర్వము ఆ కళాశాలను ఒకమారు కన్నులార చూచివచ్చుట మంచిది. ఎడ్లు కొనునప్పుడు సంతకు పోయి పండ్లు పట్టి చూచువారము, నాలుగేండ్లు బిడ్డ నుండబోవు చోటు చూడకుండుట వింత కాదా? అచ్చట ప్రయోగశాల తలుపు తెరచియున్నదా, తాళము తుప్పుపట్టియున్నదా అన్నది అరగంటలో తెలిసిపోవును. ఇప్పుడందరును కంప్యూటరు శాఖనే కోరుచున్నారు. ఉపాధ్యాయులు లేని కళాశాలలో కంప్యూటరు శాఖకంటె మంచి ప్రభుత్వ కళాశాలలో సివిల్, మెకానికల్ శాఖలు మేలని మా అభిప్రాయము.

ఈ పనులన్నిటికి గ్రామమున ఒక కేంద్రస్థానము అవసరము. అది ఉన్నత పాఠశాలయే. డిసెంబరు, జనవరి మాసములలో ఒక సాయంకాలము ప్రధానోపాధ్యాయులు తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులను పిలిచి, ఆ ఊరినుండి పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., నర్సింగు, వ్యవసాయ కళాశాలలకు పోయి చదువుచున్న యువతీ యువకులచేత మాట్లాడింపవలెను. ఖర్చు నాలుగు బెంచీలు, ఒక దీపము. ఆ ఊరి బిడ్డ చెప్పిన మాట మేము చెప్పినదానికంటె లోతుగా నాటును. పంచాయతీ నోటీసు బోర్డుపై పాలిసెట్, గురుకుల కళాశాలల దరఖాస్తు గడువు తేదీలు పెద్ద అక్షరములతో వ్రాయించుట సర్పంచులు చేయదగిన పని.

అన్నియు చేసినను కొందరు తప్పుదురు. ఫలితముల నాడు ఇంటిలో పలుకు మాట ఎంతో జాగ్రత్తగా నుండవలెను. ఇంటర్మీడియట్ ఫలితముల దినమున బిడ్డలు ప్రాణములు తీసికొన్న వార్తలు మనము ఏటేట చదువుచున్నాము. ఆ దినమున బిడ్డను ఒంటరిగా విడువరాదు. మాటాడుట కష్టమైనచో 14416 నంబరునకు ఫోను చేసినయెడల టెలి మానస్ కేంద్రమునుండి శిక్షణ పొందినవారు తెలుగులో ఉచితముగా మాటాడుదురు. తప్పిన విద్యార్థికి కొద్దివారములలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు. అప్పుడును వీలుకాకున్న సార్వత్రిక పాఠశాల కలదు. అందు పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలను ఇంటివద్ద చదువుకొని వ్రాయవచ్చును. పట్టము కొరకు ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోనే దూరవిద్యా శాఖను తెరచినది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము కోర్సులును మన ప్రాంతమున లభించుచున్నవి. సార్వత్రిక పాఠశాలలో చేరుటకు కనీస వయస్సు పదవ తరగతికి 14, ఇంటర్మీడియట్‌కు 15 సంవత్సరములు. పై వయస్సునకు పరిమితి లేదు. కొన్నేండ్ల క్రితము దూరమని చదువు మాన్పింపబడి, నేడు ఇద్దరు బిడ్డల తల్లియైన స్త్రీ సైతము ఈ ఏడే పేరు నమోదు చేయించుకొనవచ్చును.